ముందెక్కిన నీళ్లు

నేను అబద్ధాలు చెబుతానని మా ఇంట్లో ఒక ప్రచారం ఉంది. అది అబద్ధం. జరిగినదాన్ని కాస్త ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి చెబుతాను, అంతే. గుడ్డ మాత్రం అదే. కానీ ఒకసారి ఆ గంజి వల్ల ఒక బాలింత నోటికి మంచినీళ్లు అందకుండా పోయేవి. ఆ సంగతి మాత్రం ఉతక్కుండా, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మధ్యలో ఎక్కడైనా గంజి వాసన వస్తే ముక్కు మూసుకోండి, పాత అలవాటు.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులవి. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వెనక సందులో ఒక భవనం పై అంతస్తులో మా ఆఫీసు. నేను చేరింది క్యాబుల పని మీద. ఎవరిని ఏ క్యాబు ఎక్కించుకోవాలి, బంద్ ఉన్న రోజు ఏ గల్లీలోంచి తిప్పి తేవాలి, ఇదీ నా ఉద్యోగం. వారానికి రెండు బంద్‌లు, మూడు రాస్తారోకోలు నడిచే కాలం కాబట్టి నాకు చాలా గౌరవం ఉండేది. పొద్దున కళ్లు తెరవగానే ఫోన్లు. "ఇవాళ ఏ రోడ్డు తెరిచుంది గురూ?" అని అడిగేవాళ్లు. వాతావరణం చెప్పినట్టు చెప్పేవాణ్ణి.

ఆఫీసు వాళ్లు చేసే పని వేరు. వరదో తుపానో భూకంపమో వచ్చినప్పుడు సైన్యం సహాయ సామగ్రిని ఎక్కడి నుంచి, ఏ బండిలో, ఏ దారిలో, ఎంతమందికి పంపాలో లెక్కగట్టి చెప్పే ప్రోగ్రాం ఒకటి రాస్తున్నారు. ఎక్కడో దూరదేశపు సైన్యం కోసం. రాసేవాళ్లంతా కాలేజీ నుంచి నేరుగా వచ్చిన పిల్లలు. హాస్టల్ బాత్‌రూంలో కుళాయి కట్టేయడం మరిచిపోయినప్పుడు తప్ప వరద చూసినవాళ్లు కాదు.

ఒకరోజు చాయ్ దగ్గర వాళ్లు తలలు గోక్కుంటుంటే జాలేసింది. "నేను ఆర్మీ సప్లైలో చేశాను" అన్నాను.

ఇది నిజమే. సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఒక బేకరీ ఉండేది. ఎనిమిది నెలలపాటు నేను దాని బ్రెడ్డు బండి వెనక కూర్చుని ఆఫీసర్ల క్వార్టర్ల గుమ్మాల్లో బ్రెడ్డు దించాను. అక్కడితో ఆగితే బాగుండేది. పిల్లలు కళ్లు పెద్దవి చేసి చూస్తున్నారు. ఆగలేకపోయాను. తుపాను, విమానం, తెరిచిన తలుపు, తలుపులోంచి రొట్టెలు విసురుతున్న నేను. "ఒక రొట్టె గాల్లో తిరిగి తిరిగి సరిగ్గా ఒక ముసలమ్మ పళ్లెంలో పడింది. ఆవిడ పైకి చూసి, 'కూరేది నాయనా?' అని అడిగింది. విమానం చప్పుడులో కూడా నాకు వినిపించింది."

మా మేనేజరు గోదావరి వైపు ఆవిడ, అన్నీ శ్రద్ధగా వినే మనిషి. ఈ కథ కూడా శ్రద్ధగా విన్నది. సోమవారానికల్లా నా మెడలో కొత్త కార్డు పడింది. దాని మీద నా పేరు కింద నిపుణుడు అని ఉంది.

నెల తిరక్కముందే అసలు నిపుణుడు వచ్చాడు. సైన్యం సరఫరా విభాగంలో జీవితమంతా గడిపి రిటైరైన సుబేదారు. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం, తెల్ల చొక్కా, దువ్విన మీసం, ప్రతి మాట చివరా అండి. మొదటి రోజే నన్ను అడిగాడు.

"ఏ యూనిట్ అండి మీది?"

"అది చెప్పకూడదు సుబేదార్ సాబ్. రహస్యం."

ఆయన వెంటనే నిటారుగా నిలబడి, "క్షమించండి. అడగకుండా ఉండాల్సింది" అన్నాడు. మళ్లీ ఎన్నడూ అడగలేదు. నా జీవితంలో అంత తొందరగా నమ్మిన మనిషిని చూడలేదు. నాకే కొంచెం భయమేసింది.

ఆ ఏడు వానలు ఆగలేదు. పాలమూరు వైపు వాగులు పొంగి ఊళ్లలోకి వచ్చాయి. మా ఆఫీసులో ఊడ్చి తుడిచే ఆమె ఉండేది. నేను చెల్లె అని పిలిచేవాణ్ణి, ఆమె నన్ను అన్నా అనేది. గోపన్‌పల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. పుట్టిల్లు ఆ వాగు ఒడ్డునే. శనివారం పొద్దున చీపురు గోడకు ఆనించి నా టేబుల్ దగ్గర నిలబడింది.

"అన్నా, మా అక్క కాన్పయి పది దినాలాయె. ఊరంత బడిల ఎక్కి కూసున్నరట. బోరు మునిగింది. సుట్టూత నీళ్లేనట, తాగనీకి సుక్క లేదట. నీ ఆర్మీకి జర ఫోన్ గొట్టరాదే?"

నా ఆర్మీకి! నేను ఫోన్ కొడితే ఎత్తేది బేకరీ వాళ్లే.

మేనేజరుకు చెప్పాను. ఆవిడ మంచి మనిషి. మధ్యాహ్నానికల్లా ఆఫీసంతా కదిలింది. ఒక లారీ మాట్లాడారు. నీళ్ల క్యాన్లు, పాలపొడి, మందులు, బిస్కెట్లు, బియ్యం, దుప్పట్లు, బట్టలు పోగయ్యాయి. ఏది ఎక్కువ ముఖ్యమో మా ప్రోగ్రామే తేల్చి వరస నంబర్లు వేసి కాగితం ఇచ్చింది. ఒకటి నీళ్లు. ఏడు బట్టలు. ఆ బట్టలు చూడాలి మీరు. పిల్లలు ఉదారంగా ఇచ్చినవన్నీ ఉద్యోగం ఇంటర్వ్యూలకు కట్టుకున్న టైలు, పెళ్లిళ్లకు కుట్టించి ఇప్పుడు పట్టని కోట్లు.

ఆదివారం పొద్దున ఎక్కించాం. సుబేదారు గారు చర్చిలో పాటల బృందంలో పాడతాడు, అది అయ్యాక రాయదుర్గం దగ్గర ఎక్కుతానన్నాడు. ఎక్కించే బాధ్యత నాది. నిపుణుణ్ణి కదా. స్టూలు వేసుకుని లారీ పక్కన కూర్చున్నాను. పిల్లలు మెడల్లో కార్డులు ఊపుకుంటూ లిఫ్టు నుంచి లారీ దాకా వరసకట్టారు. కాగితం పట్టుకున్న అమ్మాయి "ఒకటో నంబర్!" అని అరిచింది. నీళ్లు ఎక్కాయి. "రెండో నంబర్!" పాలపొడి ఎక్కింది.

చెల్లె దగ్గరికొచ్చి, "అంత మంచిగనే ఉన్నదానే?" అని అడిగింది.

"ఫికర్ జెయ్యకు చెల్లె. నేనున్న గద" అన్నాను.

అన్నాక సెక్యూరిటీ వాళ్లిద్దరి వైపు తిరిగాను. వాళ్లు కొత్తవాళ్లు, రొట్టెల కథ వినలేదు. ముసలమ్మ 'కూరేది నాయనా' అనే చోటికి వచ్చేసరికి ఏడో నంబరు కూడా ఎక్కేసి, తాడు కట్టేశారు.

రాయదుర్గం బండల దగ్గర సుబేదారు గారు చేతిలో బైబిలుతో నిలబడి ఉన్నాడు. లారీ చుట్టూ ఒకసారి నడిచాడు. తాడు గుంజి చూశాడు.

"లోడింగ్ మీరే దగ్గరుండి చూశారు కదండీ?"

"మొత్తం నేనే సాబ్."

"అయితే తాడు విప్పి చూడక్కర్లేదు" అని ముందు ఎక్కాడు.

క్యాబిన్‌లో నలుగురం. డ్రైవర్ భాయ్, సుబేదారు గారు, నేను, కిటికీ పక్కన చెల్లె. బెంగళూరు రోడ్డెక్కాక డ్రైవర్ భాయ్ సుబేదారు గారిని గోకడం మొదలుపెట్టాడు.

"తెలంగాణ వస్తే మీరు బిస్తరు కట్టుకొని గుంటూరు పోతరా సాబ్?"

"పోతే మా చర్చిలో లావు గొంతుతో ఎవరు పాడతారండీ? మీరొస్తారా?"

"నా గొంతుకు మీ దేవుడు కూడ హారన్ అనుకొని పక్కకు జరుగుతడు."

అందరం నవ్వాం. అప్పుడే చెల్లె ఫోన్ మోగింది. అవతల ఆమె బావ. విని, మాకు చెప్పింది.

"వాగు మీది రోడ్డు తెగిందట. లారీ దాటదట. మా బావ ట్రాక్టర్ తెస్తడట ఒడ్డు దాక. పొద్దుగూకెలోపల ఒక్క తిప్పనే. శీకటైతే నీళ్లల్ల ఎవ్వడు దిగడంట." సుబేదారు గారి వైపు తిరిగి, "ఒక్క తిప్ప సాలు గద సార్? నీళ్లు పోతయి గద?" అంది.

"ఎందుకు పోవమ్మా! నీళ్లే ముందు పోతాయి" అన్నాడు సుబేదారు గారు. "లారీ వెనక తలుపు తియ్యగానే నీళ్లు. తీసి ట్రాక్టర్లో పెట్టడమే."

సరిగ్గా అప్పుడు నాకు బ్రెడ్డు బండి గుర్తొచ్చింది.

బ్రెడ్డు బండిలో చివరి క్వార్టర్ బ్రెడ్డు అన్నిటికన్నా ముందు ఎక్కుతుంది, లోపలికి పోతుంది. మొదటి క్వార్టర్ బ్రెడ్డు అన్నిటికన్నా చివర ఎక్కుతుంది, తలుపు దగ్గర ఉంటుంది. ఎనిమిది నెలలు రోజూ పొద్దున నా చేతులతో చేసిన పని అది. మా లారీలో నీళ్లు అన్నిటికన్నా ముందెక్కాయి. అంటే క్యాబిన్‌కి ఆనుకుని, అన్నిటికన్నా లోపల, నా వీపు వెనకే ఉన్నాయి. తలుపు దగ్గర ఉన్నవి టైలు.

ఒక్క తిప్పలో ట్రాక్టర్ మీద వాగు దాటేవి పెళ్లి కోట్లు.

నోరు తెరవాలి. తెరవలేదు. తెరిస్తే ఇంకో మాట కూడా బయటికి వస్తుంది, నా మెడలో కార్డు సంగతి. గంట సేపు మాట్లాడకుండా కూర్చున్నాను. నా జీవితంలో అలా కూర్చున్నది అదొక్కసారే, నిద్రలో కూడా నేను మాట్లాడతాను.

"క్యా భాయ్, తబియత్ ఠీక్ లేదా?" అని డ్రైవర్ భాయ్ రెండుసార్లు అడిగాడు.

మధ్యాహ్నం వేళకు లారీ ఆగింది. ముందర బారుగా బండ్లు. రోడ్డు మీద వంటా వార్పు నడుస్తోంది. ఆ రోజుల్లో ఉద్యమంలో అదొక పద్ధతి. ఊళ్లకు ఊళ్లు వచ్చి నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తినేవాళ్లు. తిన్నాకే రోడ్డు వదిలేవాళ్లు. పదిహేను పొయ్యిలు వరసగా మండుతున్నాయి. పప్పు వాసనకు బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూస్తున్నారు.

పెద్ద గంటె పట్టుకుని ఒకావిడ మా దగ్గరికొచ్చింది. కొంగు నడుముకు చెక్కి, చేతుల నిండా పసుపు. అక్కడ అందరూ ఆవిడ మాటే వింటున్నారని చూడగానే తెలుస్తోంది.

"బండి బంద్ జెయ్యి. నాలుగైతది ఇడిచెతందుకు."

చెల్లె కిందికి దూకింది. "అక్కా, మేము నీళ్లు తీస్కపోతున్నం. మా అక్క బాలింత. ఊరు మునిగి బడిల కూసున్నరు."

"నీళ్లా?" ఆవిడ గంటె దించింది. "గట్ల జెప్పు మరి. నీళ్ల బండిని ఆపుతరా ఎవ్వరన్న? ఏయ్, తాడిప్పుండ్రి, జర సూసి ఇడుద్దం!"

నేను "అవసరం లేదక్కా" అనేలోపే ఇద్దరు తాడు విప్పేశారు. తలుపు తెరుచుకుంది. కట్ట తెగిన చెరువులాగా టైలు. ఎర్రవి, నీలివి, చుక్కలవి, చారలవి. ఆవిడ భుజం మీద ఒకటి, గంటెకు ఒకటి. వెనక ఒక పెళ్లి కోటు చేతులు చాపుకుని కింద పడింది.

బస్సులో ఎవరో కిసుక్కుమన్నారు.

"నీళ్లన్నరు! బట్టల దుకాణం నడుపుతున్నరా?" అంది ఆవిడ. "మమ్ముల పాగల్‌గాళ్లను జేస్తున్నరా?"

చెల్లె నా వైపు చూసింది. సుబేదారు గారు కూడా చూశాడు.

"నీళ్లేవండి?"

"ఉన్నాయి సాబ్. లోపల. అన్నిటికన్నా ముందు ఎక్కించాం."

"అన్నిటికన్నా ముందు?"

"ముఖ్యమైనవి కదా అని."

ఆయన మీసం ఒకసారి కదిలింది. "మీ యూనిట్లో ఇలాగే ఎక్కించేవారా అండి?"

ఇక దాచి లాభం లేదు. గంటె ఆవిడ ముందు, బస్సు జనం ముందు, చెల్లె ముందు మొత్తం కక్కేశాను. యూనిట్ లేదు, విమానం లేదు, ముసలమ్మ లేదు. బ్రెడ్డు బండి, ఎనిమిది నెలలు.

"బ్రెడ్డు బండిలో చివరింటి బ్రెడ్డు ఎక్కడ పెట్టేవారండి?" అని అడిగాడు సుబేదారు గారు, చాలా మెల్లగా.

"లోపల. ముందే ఎక్కించి."

"అంటే మీకు తెలుసు."

"తెలుసు సాబ్."

"మరి ఎక్కించేటప్పుడు ఏం చేస్తున్నారండి?"

"విమానం కథ చెబుతున్నాను."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "నేను నమ్మానండి. నమ్మి తాడు విప్పలేదు. తప్పులో సగం నాది" అన్నాడు. చెల్లె మాత్రం లారీ వెనక ఎక్కి, రెండు చేతులా కోట్లు తీసి బయటికి విసరడం మొదలుపెట్టింది.

అది చూసి గంటె ఆవిడ మెత్తబడింది. "ఇంత సదువుకున్నోళ్లు గిదేం సదురుడు? దా, ఇటు సూడు" అని నా రెక్క పట్టుకుని తన ట్రాక్టర్ దగ్గరికి లాక్కుపోయింది. సగం ఖాళీ అయిన ట్రాలీ. "మేము పొద్దుగాల ఎట్ల సదిరినం? తిన్నెటప్పుడు గావాల్సిన ఇస్తార్లు అడుగుకు. ఆటి మీద పప్పు, బియ్యం. ఆటి మీద వండే గంజులు. పొయ్యి రాళ్లు, కట్టెలు అన్నిటికన్న పైన. దిగంగనే ముందుగాల గావాల్సింది పొయ్యే గదా! ఇస్తార్లు పైన వెట్టుకుంటే ఏం తింటం, ఆకులా?"

వెనకే వచ్చిన సుబేదారు గారు ఇదంతా విన్నాడు. "అమ్మా, ఈ పాఠం మా దగ్గర ఆరు నెలలు చెబుతారు" అన్నాడు.

"మాకు మా అత్త ఒక్కపూటల జెప్పింది. గంటెతోటి."

ఆ తర్వాత సుబేదారు గారు వాచీ చూసుకుని ఒక్కసారిగా మారిపోయాడు. వాగు ఒడ్డున బురదలో సామాను దించితే పొద్దుపోతుంది, ఇక్కడ పొడి రోడ్డుంది, ఇన్ని చేతులున్నాయి, మొత్తం దించి మళ్లీ సదురుదాం అన్నాడు. గంటె ఆవిడ ఒక్క కేక వేసింది. వంట చేసేవాళ్లు పోను మిగిలినవాళ్లంతా లేచారు. బస్సుల్లోంచి కూడా దిగారు. రెండు వరసలు. చేతి నుంచి చేతికి సామాను నడిచింది.

నీళ్ల క్యాన్లు వచ్చేసరికి బరువుకు వరస ఆగి ఆగి కదులుతోంది. ఎవరో "జై" అని క్యాను ఎత్తారు, పక్కవాళ్లు "తెలంగాణ" అని అందుకున్నారు. దాంతో లయ దొరికింది. జై అంటే ఎత్తడం, తెలంగాణ అంటే అందుకోవడం. లారీ మీద చివర అందుకుని సదిరేది సుబేదారు గారు. పది క్యాన్లు మౌనంగా అందుకున్నాడు. పదకొండో క్యాను దగ్గర చర్చిలో పాడే ఆ లావు గొంతు రోడ్డంతా మోగింది. "తెలంగాణా!"

జనం చప్పట్లు. డ్రైవర్ భాయ్ టైరు మీద చతికిలబడి నవ్వుతున్నాడు. "సాబ్, ఇగ మీరు గుంటూరు పోలేరు!"

"లయ కోసం అండీ, లయ కోసం" అన్నాడాయన, చెవుల దాకా ఎర్రబడి. అని మళ్లీ పన్నెండో క్యాను దగ్గర అన్నాడు.

కోట్లు లోపలికి పోయాయి. నీళ్లు తలుపు దగ్గరికి వచ్చాయి. గంటె ఆవిడ ఒక గంజు నిండా అన్నం, ఇంకో దాంట్లో పప్పు మూతకట్టి అన్నిటికన్నా చివర ఎక్కించింది. "బాలింతకు కారం తక్కువేసిన గిన్నె ఏరే ఉన్నది. సూస్కో" అని చెల్లెకు చెప్పింది. నా మొహం చూసి, "నువ్వు తిన్నవా? అబద్ధమాడకు" అంది. ఇస్తరాకులో పప్పన్నం పెట్టి, నిలబడే తినమంది. బండ్లన్నీ పక్కకు జరిపించి మా లారీ ఒక్కదాన్ని పోనిచ్చారు.

వాగు ఒడ్డుకు చేరేసరికి పొద్దు ఇంకా మూరెడు పైనే ఉంది. చెల్లె బావ ట్రాక్టర్‌తో సిద్ధంగా ఉన్నాడు. తలుపు తీశాం, అన్నం గంజులు, నీళ్లు, పాలపొడి, మందులు వరసగా దిగాయి. అయితే వాగులో ట్రాలీ ఊగితే క్యాన్లు దొర్లిపోతాయన్నాడు బావ. తాడు కావాలి. లారీ తాడు దోవలో వానకు నానిపోయి మొద్దులా ఉంది, ముడి పడదు.

దోవలో నేను కూర్చున్న సీటు మీద, నా జేబుల్లో, కాళ్ల కింద, ఎక్కడ చూసినా టైలే. వంటల దగ్గర ఏరి హడావిడిగా క్యాబిన్‌లో పడేసినవి. బయటికి తీసి ఒకదానికొకటి ముడేశాం. సుబేదారు గారు వేసిన ముడులు ఇప్పటికీ ఊడి ఉండవు. రంగురంగుల టైలతో క్యాన్లన్నీ బిగించాక ట్రాలీ పెళ్లికి పోతున్నట్టుంది. చెల్లె దాని మీద ఎక్కి కూర్చుంది. నేనూ ఎక్కబోతే, "వద్దన్నా. నీ బరువుకు రెండు క్యాన్లు తక్కువైతయి" అంది. దిగాను.

ట్రాక్టర్ నీళ్లలోకి దిగింది. ఇరుసు దాకా, తర్వాత సీటు కింది దాకా నీళ్లు. ఒకచోట ట్రాలీ పక్కకు ఒరిగింది. సుబేదారు గారు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. టైలు ఆగాయి. క్యాన్లు ఆగాయి. అవతలి గట్టు ఎక్కింది. బడి వైపు నుంచి జనం బిందెలతో పరుగెత్తి రావడం ఇక్కడికే కనిపించింది. కాసేపటికి నా ఫోన్ మోగింది.

"తాగిందన్నా" అంది చెల్లె. "రెండు చెంబులు తాగింది. ఇగ పిల్లకు పాలిస్తున్నది."

సుబేదారు గారికి చెప్పాను. ఆయన బైబిలు తెరిచి, ఏమీ చదవకుండా మళ్లీ మూశాడు.

సోమవారం నేనే మేనేజరు దగ్గరికి పోయి కార్డు తీసి టేబుల్ మీద పెట్టి, బ్రెడ్డు బండి కథ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "అంటే రొట్టె పళ్లెంలో పడటం కూడా కాదా అండీ?" అని అడిగింది. ఆవిడకు ఎక్కువ బాధ అక్కడే. కార్డు వెనక్కివ్వలేదు. నేను క్యాబుల పనికి తిరిగొచ్చేశాను. కానీ ప్రోగ్రాంలో ఎక్కించే పట్టీని దించే పట్టీకి తలకిందులుగా మార్చేటప్పుడు పిల్లల్ని నా దగ్గరికే పంపింది. సుబేదారు గారు తోడు కూర్చున్నాడు. ఏదైనా అర్థం కాకపోతే పిల్లలకు ఇద్దరం ఒకటే చెప్పేవాళ్లం, దించేటప్పుడు ముందు పొయ్యి రాళ్లు, చివర ఇస్తార్లు.

రెండు వారాలకు చెల్లె పనిలోకి వచ్చింది. ఉతికి మడతపెట్టిన ఎర్ర టై ఒకటి నా టేబుల్ మీద పెట్టింది.

"మా అక్క ఇచ్చి రమ్మన్నది. తాడు మంచిగున్నదట."

పక్కన సెక్యూరిటీ అతను నిలబడి ఉన్నాడు, ఆ ఆదివారం నా కథ విన్నవాళ్లలో ఒకడు. నా అసలు సంగతి అతని దాకా ఇంకా రాలేదు.

"అన్నా, ఆరోజు లారీ ఎల్లిపోయింది, కథ మధ్యలనే ఆగింది. ఇంతకు ముసలమ్మకు కూర పడ్డదా లేదా?"

నేను చెల్లె వైపు చూశాను. చెల్లె చీపురు ఆపి కిటికీలోంచి కిందికి, సందులోకి తొంగి చూసింది.

"లారీ ఏం లేదు" అంది. "ఇగ జెప్పుకో."